కోత తర్వాతి అప్‌డేట్‌లో

జర్మనీలోని మాగ్డెబర్గ్ తెలుగు సాంస్కృతిక సంఘం అధ్యక్షులు శ్రీ భాస్కర్ రావు గారు నరసింహులు పొలం గట్టు జరిపారు. ఇందులో అనుమానం ఏమీ లేదు. ఆయన పెద్దమనిషి. కార్ల కంపెనీలో పెద్ద ఇంజనీరు. బ్లూ కార్డు వీసా మీద వచ్చి, సొంత ఇల్లు కొని, ఉగాదికి పట్టుపంచె కట్టి పంచాంగం చదివేవారు. అయినా జరిపారు. జరిపిన చోట కొబ్బరిమొక్కలు కూడా నాటారు. ఎల్బే నది ఒడ్డున కొబ్బరిమొక్కలు ఎలా బతుకుతాయని కంగారు పడకండి. ఆ పొలం ఎల్బే ఒడ్డున లేదు. అటు జనగామలోనూ లేదు, ఇటు భీమవరంలోనూ లేదు. కంప్యూటర్లో ఉంది.

కంప్యూటర్లో ఉన్న పొలానికి గట్టు తగాదా ఏమిటని ఇంకెవరైనా అడుగుతారేమో గానీ మీరు అడగరు. మీరు తెలుగువాళ్ళు.

నరసింహులుది జనగామ పక్కన ఊరు. ఎనిమిదో తరగతి సగంలో బడి వదిలేసి హోటల్లో గ్లాసులు కడగడానికి కుదిరాడు. సికింద్రాబాదు, దుబాయి వంటశాలల మీదుగా వచ్చి వచ్చి మాగ్డెబర్గ్‌లో ఒక ఇండియన్ రెస్టారెంటు పొయ్యి ముందు ఆగాడు. మాట కరుకు, చెయ్యి మంచిది. వాళ్ళ నాయన ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ వరి కోసిపెట్టి పోయాడు. సొంతానికి మాత్రం నాలుగు మిరప మొక్కలు పెట్టుకునే జాగా కూడా ఆ ఇంటికి లేదు.

ఇలా ఉండగా కరోనా వచ్చింది. రెస్టారెంటు మూతపడింది. పని చేయకపోయినా జీతంలో సగానికి పైగా ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. చిన్నప్పటినుంచీ పొయ్యి ముందు నిలబడ్డ మనిషిని కూర్చోబెట్టి జీతమిస్తే ఏమవుతుందో ప్రభుత్వం ఆలోచించినట్టు లేదు. కొన్నాళ్ళు నిద్రపోయాడు. తర్వాత ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ కడిగాడు. కడిగిన డబ్బాల్లో పప్పులు తన లెక్క ప్రకారం సర్దాడు. భార్య గిరిజ పార్సిళ్ళ గోదాములో పనిచేసేది. గోదాములకు కరోనా సెలవు లేదు. అలసిపోయి ఇంటికొచ్చి, ఉప్పు డబ్బా అనుకుని తీస్తే అందులో మెంతులు ఉన్న రోజు ఆవిడ ఓపిక అయిపోయింది.

"నా డబ్బాల జోలికి రాకు. ఫోన్ల ఏదన్న ఆటన్న ఆడుకోపో," అంది.

తర్వాత జరిగినదానికంతా మూలం ఆ మాటేనని నరసింహులు ఇప్పటికీ వాదిస్తాడు.

అప్పట్లో జర్మనీలో నియమాలు వారానికోసారి మారేవి. ఈ వారం ఇద్దరు కలవొచ్చు, వచ్చేవారం రెండిళ్ళవాళ్ళు కలవొచ్చు, బెంచీ దగ్గర నిలబడొచ్చు గానీ కూర్చోకూడదు. దేశం మొత్తం సగం తయారై మార్కెట్లోకి వచ్చేసిన ఆటలా ఉండేది. అందుకేనేమో, నిజంగానే సగం తయారైన ఆట ఒకటి రాగానే మనవాళ్ళు చుట్టాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టారు.

దాని పేరు 'మాగాణి'. ఇల్మెనౌలో ఎమ్మెస్ చదువుతున్న సుమంత్, శశాంక్ అనే ఇద్దరు కుర్రాళ్ళు తయారుచేశారు. పూర్తికాలేదని వాళ్ళే మొదటి తెరమీద నిజాయితీగా రాశారు. ఆ నిజాయితీకే సగం మంది పడిపోయారు. ఆటలో మీకు కొంత తుమ్మచెట్ల నేల చూపిస్తారు. కొట్టి చదును చేసుకున్నంత మీది. దున్నొచ్చు, నాట్లు వేయొచ్చు, నీళ్ళు పెట్టొచ్చు. గేదె ఉంటుంది. అది నేలకు మోకాలెత్తున గాల్లో నిలబడి ఉంటుంది. నడిస్తే గాల్లోనే నడుస్తుంది. పేడ మాత్రం నేలమీదే పడుతుంది. బావిలోకి బొక్కెన దించబోతే, దించకముందే నీళ్ళతో పైకొస్తుంది. ఇల్లుంది గానీ తలుపు తెరుచుకోదు. అరుగుమీద నిలబడి ఎంతసేపైనా కొట్టుకోవచ్చు. ఊరిపెద్ద ఒకాయన ఉంటాడు. ఏమడిగినా "చూద్దాంలే" అంటాడు. మిగతా మాటలు ఇంకా రికార్డు చేయలేదట. ఊరిపెద్దను ఇంత ఉన్నదున్నట్టు ఇంతవరకు ఎవరూ చూపించలేదని అందరూ మెచ్చుకున్నారు.

ఇక పంట. అది పండుతుంది. బంగారంలా పండి, తల వంచి, గాలికి ఊగుతుంది. కోయబోతే కొడవలి గాల్లోంచి పోయినట్టు పోతుంది, ఒక్క గడ్డిపోచ తెగదు. తెర కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం వస్తుంది: 'కోత తర్వాతి అప్‌డేట్‌లో.'

ఈ ఆటను మనవాళ్ళు ప్రేమించిన తీరు చూడాలి. ఆఫీసులో ఒక బటను వెంట్రుకవాసి పక్కకు జరిగితే జర్మన్ సహోద్యోగి పరువు తీసే ఇంజనీర్లు, గాల్లో గేదెను చూసి కళ్ళు తుడుచుకున్నారు. అద్దె ఇంట్లో కుళాయి చుక్క కారుతుందని యజమానికి మూడు మెయిళ్ళు పెట్టే మనిషి, తెరుచుకోని తలుపు ముందు అరుగుమీద ఆదివారమంతా గడిపి, ఇంటికి వెళ్ళొచ్చినట్టుందన్నాడు. జార్‌బ్రూకెన్‌లో కంప్యూటర్ సైన్సులో పరిశోధన చేస్తున్న ఉదయశ్రీ గారు వీడియో సభలో ఉపన్యసిస్తూ, గేదె నేలను తాకకపోవడం ప్రవాసి మనఃస్థితికి ప్రతీక అని సెలవిచ్చారు. సుమంత్ మాత్రం, అది లెక్కలో చిన్న పొరపాటండీ, రేపు సరిచేస్తాం అన్నాడు. అన్నట్టే సరిచేశాడు కూడా. గేదె నేలమీద నిలబడింది. వాట్సాప్ గుంపులు అట్టుడికిపోయాయి. మా గేదెను మాకివ్వండి అని సంతకాలు సేకరించారు. రెండురోజుల్లో గేదె మళ్ళీ గాల్లోకి లేచింది. సంఘం దాన్ని తన ముద్రగా స్వీకరించింది. ఇప్పటికీ సంఘం లెటర్‌హెడ్ మీద చూడొచ్చు, కాళ్ళ కింద ఖాళీతో సహా.

నరసింహులుకు గేదె సంగతి పట్టలేదు. అతనికి పొలం పట్టింది. పని లేని చేతులు కదా, అందరికంటే ఎక్కువ తుమ్మలు కొట్టాడు. ఎకరం పదకొండు గుంటలు తేలింది. దున్నాడు, నాటాడు, నీళ్ళు పెట్టాడు. పండిన రోజు కొడవలి పట్టుకుని దిగాడు. తెగలేదు. మర్నాడు దిగాడు. తెగలేదు. తర్వాతి అప్‌డేట్ వచ్చింది. అందులో కోడిపుంజుకు తోక పెట్టారు. ఆ తర్వాతి అప్‌డేట్‌లో ఊరిపెద్దకు కండువా రంగు మార్చారు. నరసింహులు రోజూ పొద్దున టీ తాగి ఫోన్లో పొలానికి పోయి, ఒకసారి కొడవలి వేసి చూసి వచ్చేవాడు.

"నీకు భూమి ఉన్నది, పంట ఉన్నది. గింజలు మాత్రం ఏషియా షాపుల కొనుక్కొస్తున్నం," అనేది గిరిజ.

"ఆగు. కోతకు వచ్చింది."

"వచ్చి ఆరు నెలలైతుంది. అది వరా, ఫొటోనా?"

నరసింహులు ఫోను జేబులో పెట్టుకునేవాడు. వాళ్ళ నాయన అన్నేళ్ళు కోసింది ఇంకొకళ్ళది. ఒక్కసారి సొంతది కోస్తే ఎట్లుంటదో చూడాలని అతనికి మనసులో పడిపోయింది. ఫోన్లోదైతే ఏమి, సొంతది సొంతదే. ఈ సంగతి గిరిజతో కూడా అనలేదు. నలభై ఏడేళ్ళ మనిషి అనే మాట కాదు.

ఈలోగా ఆటలో పెద్ద లోపం ఒకటుందని సంఘం కనిపెట్టింది. కోత లేకపోవడం కాదు. రిజిస్ట్రేషన్ లేకపోవడం.

సర్వసభ్య సమావేశం వీడియోలో జరిగింది. అధ్యక్షులు భాస్కర్ రావు గారు పుస్తకాల బీరువా ముందు కూర్చుని మాట్లాడారు. "ఈ ఆటకు ఆత్మ ఉంది, కాదనను. కానీ ఇది అసంపూర్ణం. ఎందుకని? ఈ భూమి నాదని చెప్పడానికి నా దగ్గర కాగితమేదండీ? కాగితం లేని భూమిని భూమి అనడానికి నా మనస్సాక్షి ఒప్పుకోవడం లేదు. మన సంస్కృతిని రేపటి తరానికి సగం సగంగా అందిద్దామా?"

రేపటి తరం ఆ పక్కగదిలోనే ఉంది. పదేళ్ళ కూతురు గీతిక తలుపులోంచి తల పెట్టి, ఇది ఉత్త ఆటే కదా నాన్నా అని జర్మన్‌లో అంది. భాస్కర్ రావు గారు చిరునవ్వుతో మైకు ఆపి, తలుపు వేసి, మళ్ళీ మైకు తెరిచారు.

తర్వాత ఒక్కొక్కరు లేచి తమ తమ ఆవేదన చెప్పుకున్నారు. పాసుపుస్తకం లేదన్నారు. సర్వే నంబర్లు లేవన్నారు. కొనేవాణ్ణీ అమ్మేవాణ్ణీ కలిపే మధ్యవర్తి ఒక్కడూ కనిపించడం లేదని, ఇది ఏ ఊరో తమకు అర్థం కావడం లేదని ఒకాయన వాపోయారు. నరసింహులు మొదటినుంచీ తెరమీద చెయ్యెత్తి ఉన్నాడు. చివరికి అవకాశం ఇచ్చారు.

"కోత సార్. పంట పండి ఎన్నడో అయింది. కొడవలి పెడితే తెగుతలేదు."

"నరసింహులు గారూ," అన్నారు భాస్కర్ రావు గారు. సభలో ఆయన నరసింహులును గారు అంటారు. "కోత చిన్న విషయమండీ. ముందు హక్కులు తేలనివ్వండి."

హక్కులు తేలడానికి ముందు కొలత తేలాలి. తెలంగాణవాళ్ళు గుంటలన్నారు, కోస్తావాళ్ళు సెంట్లన్నారు. ఎకరానికి నలభై గుంటలు, అదే ఎకరానికి వంద సెంట్లు. తరతరాలుగా ఎవరి జిల్లాలో వాళ్ళు ఎవరి లెక్కతో వాళ్ళు హాయిగానే కొట్టుకుంటున్నారు. మాగ్డెబర్గ్‌లో మాత్రం సంఘం నిలువునా చీలేదాకా వచ్చింది. బతుకమ్మ ఒకచోట, సంక్రాంతి ఒకచోట చేసుకుందామన్నారు. పండుగలన్నీ రద్దయి ఉన్నాయని ఎవరో గుర్తుచేశాక చల్లబడ్డారు. రెండు కొలతలూ పెట్టాలని అధ్యక్షులు తీర్మానం చేయించారు.

సుమంత్, శశాంక్ కోత పని పక్కన పెట్టి రిజిస్ట్రేషన్ ఆఫీసు కట్టారు. ఇద్దరూ పెరిగింది హైదరాబాదు అపార్టుమెంట్లలో. వాళ్ళకు తెలిసిన కొలత చదరపు అడుగు ఒక్కటే. అయినా ఆఫీసు అద్భుతంగా వచ్చింది. వెళ్ళాలంటే ముందు టెర్మిన్, అంటే జర్మన్ అపాయింట్‌మెంటు, తీసుకోవాలి. టెర్మిన్లు ఉండవు. పొద్దున్నే లేచి తెరను నొక్కుతూ కూర్చుంటే ఒకటి కనిపిస్తుంది, దాన్ని నొక్కేలోపు మాయమవుతుంది. మనవాళ్ళు పరవశించిపోయారు. ఇన్నాళ్ళకు ఆట ఆటలా ఉందన్నారు. అందరూ అయిదు నక్షత్రాలిచ్చారు. సంతకం పెట్టే వీలు ఇంకా తయారుకాలేదు కాబట్టి వేలిముద్ర వేయాలి. డాక్టరేట్లతో సహా అందరూ ఫోను మీద బొటనవేలు ఒత్తి పాసుపుస్తకాలు తీసుకున్నారు.

పాసుపుస్తకం వచ్చిన పొద్దున నరసింహులు పొలానికి పోతే గట్టు ఉండాల్సిన చోట లేదు. లోపలికి జరిగి ఉంది. పుస్తకంలో ఎకరం పదకొండు గుంటలకు బదులు ఎకరం పదకొండు సెంట్లని ఉంది. అంకె అదే, కొలత మారింది. ఒక గుంటంటే రెండున్నర సెంట్లు. మిగిలిన ముక్క పక్క పొలంలో కలిసిపోయింది. పక్క పొలం భాస్కర్ రావు గారిది.

ఇలా చాలామంది గుంటలవాళ్ళకు జరిగింది. వాళ్ళు వాట్సాప్‌లో గోల చేశారు, సాయంత్రానికల్లా వాళ్ళ గట్లు వెనక్కి వచ్చాయి. నరసింహులుది మాత్రం రాలేదు. అప్పటికే ఆ ముక్కలో కొబ్బరిమొక్కలు లేచి నిలబడ్డాయి. మొక్క ఉన్న నేలను వెనక్కి తీసుకునే వీలు ఆటలో ఇంకా పెట్టలేదు. ఆ సంగతి భాస్కర్ రావు గారికి తెలియదనుకోవడానికి వీల్లేదు. ఆటలోని లోపాల పట్టిక తయారుచేసిన ఉపసంఘానికి ఆయనే అధ్యక్షులు.

నరసింహులు ఫోన్ చేశాడు. ఫోన్లో గారు ఉండదు.

"ఏవయ్యా నరసింహులూ, పొద్దున్నే. అప్‌డేట్ వచ్చింది, గట్టు దానంతటది కదిలింది. నేనేవన్నా పార పట్టుకుని తవ్వానా?"

"మొక్కలు దానంతట అవి నాటుకున్నయా సార్?"

"ఖాళీగా కనబడితే మొక్క నాటాను. పర్యావరణవయ్యా. అన్నట్టు రెస్టారెంటు ఎప్పుడు తెరుస్తున్నారు? మీ బిర్యానీ తిని ఏడాది కావస్తోంది."

నరసింహులు ఇల్మెనౌకు ఫోన్ చేశాడు. సుమంత్ మర్యాదస్తుడు. మొత్తం ఓపిగ్గా విన్నాడు.

"నోన్ ఇష్యూ అన్నా," అన్నాడు.

"అంటే?"

"అంటే మాకు తెలుసన్నా ఆ ప్రాబ్లెమ్. లిస్టులో ఉంది."

తెలుసు కాబట్టి ఇక చేయాల్సిందేమీ లేదని నరసింహులుకు కాసేపటికి అర్థమైంది. ఫోన్ పెట్టేసే ముందు సుమంత్ ఒక శుభవార్త కూడా చెప్పాడు. కోత అయిపోవచ్చింది. వచ్చే అప్‌డేట్‌లో ఖాయం. కాకపోతే సంఘంవాళ్ళు ఒక నియమం పెట్టమన్నారు. వివాదంలో ఉన్న భూమికి కోత ఉండదు.

ఆ నియమం వెంకటరామారావు గారిది. ఆయన తహశీల్దారుగా రిటైరై, కొడుకు దగ్గరకు మూడు నెలలకని వచ్చి, విమానాలు ఆగిపోవడంతో చిక్కుకుపోయారు. మొదట్లో కిటికీ దగ్గర కూర్చుని ట్రాములు లెక్కపెట్టుకునేవారు. ఆటలో రిజిస్ట్రేషన్ ఆఫీసు వచ్చిందని తెలియగానే ఆయన ముఖంలోకి రక్తం వచ్చింది. సంఘం ఆయన్ను ఆటకు గౌరవ తహశీల్దారుగా నియమించింది. తర్వాత విమానాలు తిరిగాయి. కొడుకు టికెట్ కొంటానన్నాడు. ఇన్ని ఫైళ్ళు పెండింగులో పెట్టుకుని ఆఫీసు వదిలి ఎలా వస్తానురా అని ఆయన కోప్పడ్డారు.

నరసింహులు అర్జీ పెట్టుకున్నాడు. రెండురోజుల తర్వాత తహశీల్దారు గారి నుంచి కబురు వచ్చింది. ఫైలు కదలాలంటే ఏం చేయాలో ఇంత వయసొచ్చి నీకు తెలియదా, అని. నరసింహులుకు తెలుసు. మటన్ తెచ్చి, తెల్లారగట్లే నానబెట్టి, దమ్ బిర్యానీ వండి, గిన్నె మూతకు గుడ్డ కట్టి ట్రాములో తీసుకుపోయాడు. కరోనా నిబంధనలు కచ్చితంగా పాటించారు. గిన్నె గుమ్మం బయట పెట్టి గంట కొట్టి మీటరున్నర వెనక్కి జరగమన్నారు. తలుపు సందులోంచి ఒక చెయ్యి వచ్చి గిన్నె లోపలికి తీసుకుంది. లంచానికి అంటు లేకపోవడం నరసింహులు అప్పుడే చూశాడు.

బిర్యానీ బాగుందని కబురు కూడా వచ్చింది. కానీ భాస్కర్ రావు గారు అంతకంటే పెద్దది ఇచ్చారు. తహశీల్దారు గారి వీసా పొడిగింపుకు విదేశీయుల ఆఫీసులో టెర్మిన్ సంపాదించి, తన కారులో తీసుకెళ్ళి తీసుకొచ్చారు. ఆ రోజుల్లో టెర్మిన్ ముందు బిర్యానీ ఎంత?

తీర్పు వీడియోలో చదివారు. ఉభయపక్షాల వాదనలు విన్నమీదట, క్షేత్రస్థాయిలో కొబ్బరిమొక్కలు ఉన్నట్టు రుజువైనందున, యథాతథ స్థితి కొనసాగించాలని. వాది నరసింహులు సదరు ముక్క మీద తనకు ఏ హక్కూ లేదని వేలిముద్ర వేసినచో మిగిలిన భూమి వివాదరహితంగా ప్రకటించి, కోతకు అనుమతి ఇవ్వబడునని. వేయనిచో కోత ఉండబోదని.

నరసింహులు మూడురోజులు అన్నం సరిగా తినలేదు. గిరిజకు ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది.

"ఏంది నీ బాధ? అది నీ నాయిన భూమా, తాత భూమా? తెర మీద గీత. గీత ఇటు జరిగింది."

"గీత నాది."

"పోనియ్యరాదు. కోస్కుంటనంటివి గద. కోస్కో, పండు."

కోత కోసం గట్టు వదులుకోవడమా, గట్టు కోసం కోత వదులుకోవడమా అని తేల్చుకోలేక, చివరికి కోతవైపే మొగ్గాడు. వేలు ఒత్తాడు. తెరమీద గేదె గాల్లో ఒక గెంతు గెంతింది. రిజిస్ట్రేషన్ అయినప్పుడల్లా అది అలా గెంతుతుంది. అది కూడా పొరపాటేనట, కానీ ఎవరూ సరిచేయనివ్వలేదు.

ఈ హడావుడిలో నరసింహులు చుట్టుపక్కల చూసుకోలేదు. పాసుపుస్తకాలు వచ్చినప్పటినుంచీ మాగాణిలో ఎవరూ నాట్లు వేయడం లేదు. పొలాలు చదును చేసి తెల్లరాళ్ళు పాతుతున్నారు. మొదలుపెట్టింది అధ్యక్షులే. పొలం దారిలో బంగారు రంగు ఆర్చి ఒకటి నిలబెట్టి 'శ్రీ లక్ష్మీ ఎల్బే వ్యాలీ, ఫేజ్ వన్' అని రాయించారు. ఆర్చి వెనక ఏమీ ఉండదు, గాలి తప్ప. ఆటమొత్తంలో ఒక్క లోపమూ లేకుండా తయారైన వస్తువు ఆ ఆర్చి. ఎకరాలు, గుంటలు, సెంట్లు అన్నీ గజాల్లోకి మారాయి. అక్కడ మాత్రం లెక్క ఎక్కడా తప్పలేదు. ఇల్మెనౌ విద్యార్థులు జార్‌బ్రూకెన్ విద్యార్థులకు అమ్మారు, వాళ్ళు మ్యూనిక్‌వాళ్ళకు అమ్మారు. మ్యూనిక్‌లో అద్దె ఇల్లు దొరకనివాళ్ళు మాగాణిలో కార్నర్ బిట్లు కొన్నారు. చూస్తుండగానే ఊరంతా తెల్లరాళ్ళయింది. వరి మిగిలింది ఒక్క నరసింహులు పొలంలో.

కోత అప్‌డేట్ ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. చరిత్రాత్మక ఘట్టమని సంఘం వీడియో సభ పెట్టింది. భాస్కర్ రావు గారు పట్టుపంచె కట్టుకుని కూర్చున్నారు. నరసింహులు స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఫోను చిన్నదైపోతుందని గిరిజ పక్కింటి విద్యార్థి దగ్గర ల్యాప్‌టాప్ అడిగి తెచ్చింది. తెచ్చి, నేనేం చూడను అంటూనే పక్కన కూర్చుంది.

కొడవలి వేశాడు. తెగింది.

చప్పుడు కూడా పెట్టారు కుర్రాళ్ళు. ఎండిన గడ్డి తెగే చప్పుడు. తెరమీద చేతిలోకి ఒక పిడికెడు వరి వచ్చింది, కంకులు వేలాడుతూ. నరసింహులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సప్పుడు మంచిగున్నది," అంది గిరిజ మెల్లగా.

రెండో పిడికిలికి వంగేలోపు ల్యాప్‌టాప్‌లోంచి కేకలు మొదలయ్యాయి. ఆపమంటున్నారు. ఎందుకో మొదట తెలియలేదు. తర్వాత భాస్కర్ రావు గారు గొంతు సవరించుకుని విశదం చేశారు. "నరసింహులు గారూ, ఒక్క నిమిషం. మీ పొలం ఇప్పుడు మీ ఒక్కరిదే అనుకోవడం సరికాదు. ఫేజ్ వన్‌లో నలభై ప్లాట్లు 'పంటపొలం వ్యూ' అని ఎక్కువ పెట్టి కొన్నారు. అవి కొన్నవాళ్ళు రేపు పొద్దున కిటికీ తెరిస్తే ఏం చూడాలి? మోళ్ళు చూడాలా? ఆ పొలం మన మాగాణికి మిగిలిన ఒకే ఒక్క పొలం. మన మూలాలు అవి. మూలాలను కోసుకుంటామా?"

కిటికీ తెరవడానికి ఆ ప్లాట్లలో ఇళ్ళు లేవు. ఆటలో ఇల్లు కట్టే వీలు ఇంకా రాలేదు. ఆ మాట ఎవరికీ తట్టలేదు. సభ చప్పట్లు కొట్టింది. వెంకటరామారావు గారు అక్కడికక్కడే స్టే ఇచ్చారు. ఉదయశ్రీ గారు, కోయని పంటే నిజమైన పంట అన్నారు. ఇల్మెనౌలో సుమంత్ ఏదో నొక్కాడు. కోత వెనక్కి పోయింది. నరసింహులు చేతిలోని పిడికెడు వరి ఒక్కో పోచే ఎగిరి వెళ్ళి, తెగిన మొదళ్ళ మీద అతుక్కుని, మునుపట్లాగే తల వంచి ఊగడం మొదలుపెట్టింది. కింద చిన్న అక్షరాలు వచ్చాయి.

గిరిజ ల్యాప్‌టాప్ మూసేసింది.

ఆ సాయంత్రం నరసింహులు సుమంత్‌కు ఫోన్ చేశాడు. తిట్టడానికే చేశాడు గానీ తిట్లు రాలేదు.

"నలభై మంది వద్దంటున్నారన్నా. ఒక్కరి కోసం పెడితే రేటింగ్ పడిపోతుంది," అన్నాడు సుమంత్. నిజంగానే బాధపడ్డాడు.

"అసలు ఈ ఆట ఎందుకు జేసినవ్ బిడ్డా?"

"మా తాతకు పొలం ఉండేదన్నా, షాద్‌నగర్ దగ్గర. సెలవులకు పోయేవాళ్ళం. ఎట్లుండేదో మర్చిపోతానేమోనని చేసిన."

"ఆ పొలం ఉన్నదా?"

"లేదన్నా, వెంచర్ అయింది. ఆ ప్లాట్లు అమ్మే కదా నన్నిక్కడికి పంపింది."

తర్వాత సుమంత్ సిగ్గుపడుతూ, వీలుంటే ఆటకు అయిదు నక్షత్రాలు ఇమ్మని అడిగాడు. నరసింహులు ఇచ్చాడు. అందరూ ఇస్తున్నారు, తనొక్కడు ఇవ్వకపోతే ఏం బాగుంటుందని.

తర్వాతి ఏడు ఎండాకాలం రెస్టారెంట్లు తెరిచారు. సంఘం సభ పెట్టి 'మాగాణి'కి సంపూర్ణ క్రీడా పురస్కారం ఇచ్చింది. అదనంగా చేర్చాల్సింది ఇక ఏమీ లేదని ప్రశంసాపత్రంలో రాశారు. వెంకటరామారావు గారికి శాలువా కప్పారు. భోజనాలు నరసింహులే వండాడు. భాస్కర్ రావు గారు బిర్యానీ రెండోసారి వడ్డించుకుంటూ, మనలో మనకు ఏ అరమరికలూ లేవుగా నరసింహులు గారూ అన్నారు. ఎదురుగా జనం ఉన్నారు, అందుకని గారు.

లేని పొలం కోసం కొట్టుకున్నారని మీరు నవ్వుకుంటారు, నవ్వుకోండి. ఫోన్లో ఫొటో చూసి, ఫోన్లోనే బేరమాడి, ఫోన్లోనే డబ్బు పంపి కొన్న మీ ప్లాటు హద్దురాళ్ళు ఇప్పుడు ఏ పక్కకు ఉన్నాయో నవ్వడం అయ్యాక ఒకసారి కనుక్కోండి. అక్కడ ఒకప్పుడు ఏం పండేదో కనుక్కోనక్కర్లేదు. ఎవరికీ గుర్తుండదు.

నరసింహులు పొలం ఇప్పటికీ ఉంది. ఆర్చి పక్కన, బంగారంలా పండి, గాలికి ఊగుతూ. నష్టం లెక్క అతనికి కంఠతా వచ్చు, తాగినా తప్పడు: కోసిన వరి ఒక పిడికెడు. పోయిన భూమి పదహారున్నర సెంట్లు.